గోదావరి దాటబోవు చిరంజీవికి

ప్రభువునందు ప్రియుడగు చిరంజీవికి, జగిత్యాలనుండి నీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

సిరిసిల్లలో మగ్గముల నడుమ పెరిగి, కోరుట్లలో చదువుకొనిన నీవు గోదావరికి ఆవలనున్న గోండు గూడెములలో సువార్తసేవ చేయ సంకల్పించితివని తెలిసి మిక్కిలి సంతోషించితిని. అయితే బిడ్డా, ధర్మపురి దాటి, రాయపట్నము వంతెనమీదుగా జన్నారము, ఉట్నూరు చేరు ఆ దారిని నీకంటె ముందు పోయినవారు మన మైదానపు వడ్డీవ్యాపారులని మరువకుము. అప్పులపేర వారు పొలములు చేజిక్కించుకొనిరి. అటవీ అధికారుల దాష్టీకము దానికి తోడయ్యెను. 1940లో జోడేఘాట్ కొండలలో గోండు నాయకుడు కొమురం భీము ప్రాణము లర్పించినదియు, 1970లో గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధించు శాసనము వచ్చినదియు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసుల తుపాకులు పేలినదియు ఆ భూదుఃఖమువలననే. నీ చేత బైబిలున్నను, వారి కంట మొదట పడునది నీ మైదానపు వేషమే. కావున అచ్చట సెంటు భూమి కొనకుము, వడ్డీకి రూపాయి యియ్యకుము.

గూడెము చేరిన దినమున ఊరిపెద్దయగు పట్లా యింటికి పోయి, అతడు చూపిన చోట కూర్చుండి, ఎవరవో, ఎందులకు వచ్చితివో దాపరికము లేక చెప్పుము. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల కూటములుగా గోండులు విభజింపబడియుందురనియు, ఒకే కూటమివారు తమలో వియ్యమందరనియు తెలియనివాడు వారి కుటుంబములకు హితము చెప్పజాలడు. పుష్యమాసమున మెస్రము వంశమువారు కాలినడకన హస్తినమడుగునకు వచ్చి, మన గోదావరి జలమునే కొనిపోయి, కేస్లాపురమున నాగోబాకు అభిషేకము చేసి, కొత్తకోడండ్రను ఆ దేవుని సన్నిధిలో పరిచయము చేయుదురు. అట్టి వంశమున ఒకడు క్రీస్తు నంగీకరించినచో, బంధువులతోడి కూడికయు, పిల్లల వివాహములును ఎట్టి చిక్కులో పడునో యోచింపుము. ఆ భారమును అతనితోపాటు మోయుటకు సిద్ధపడనిదే బాప్తిస్మపు మాట యెత్తకుము.

పడుగు సరిగా వేయక పేక నడుపరాదని మగ్గముకడ పెరిగిన నీకు వేరుగ చెప్పనక్కరలేదు. గోండి భాష నేర్వక బోధకు దిగుటయు అట్టిదే. తిరునల్వేలి తమిళుడైన అజరయ్యగారు తెలుగు నేర్చి మన గ్రామములలో తిరిగి, 1912లో దోర్నకల్ బిషప్పై, 1939లో ప్రతిష్ఠింపబడిన అచ్చటి క్రైస్తవ దేవాలయమును మన గుడుల స్తంభముల తీరు, మసీదుల గుమ్మటముల తీరు కలిసివచ్చునట్లు కట్టించెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము నెలకొల్పిన హైమెన్‌డార్ఫ్ పండితుడు మతబోధకుడు కాకున్నను, గోండు బిడ్డలకు గోండి భాషలో, గోండు గురువులచేతనే తొలి చదువు చెప్పించవలెనని గ్రహించిన ప్రాజ్ఞుడు. నీ పరిచర్యయు అటులే వారిలోని వారి చేతికి అప్పగింపదగినదై యుండవలెను.

చదువు నెపమున పసివారిని తల్లిదండ్రులకు దూరము చేయకుము. ఆస్ట్రేలియాలో ఆదిమజాతుల పిల్లలను బలవంతముగా వేరుచేసి ప్రభుత్వ, మిషను సంస్థలలో పెంచిన అపరాధమునకు 2008లో ఆ దేశప్రధాని పార్లమెంటున క్షమాపణ వేడవలసివచ్చెను. మందుబిళ్ళకును, బియ్యపు సంచికిని ప్రార్థనను ముడివేయకుము. రోగి యే దేవుని మ్రొక్కువాడైనను ఆసుపత్రికి తోడు పొమ్ము. నీ మాట వలదనిన వాని గడపకు మరునాడును మిత్రుడవై పొమ్ము. వలదనుటకు వానికి గల స్వేచ్ఛను గౌరవింపని బోధ క్రీస్తు బోధ కానేరదు.

తొలి సంవత్సరము శిష్యుడవై యుండుము. బోధించు అధికారము శిక్షణాలయపు పట్టాతో రాదు. దానిని నీకు ఇయ్యవలసినవారు ఆ గూడెపు పెద్దలే.

ఇట్లు,
నీ పెదనాన్న