మొగ దగ్గర మంచి అల

చింతామణి

చిరంజీవి మనవడికి,

సర్ఫింగ్‌కు పనికొచ్చే అల ఎక్కడ లేస్తుందో తేల్చేది నీటి అడుగున ఉన్న ఇసుక. లోతు తగ్గేకొద్దీ అల వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు దిగేసరికి అల విరుగుతుంది. మీటరు ఎత్తు అల 1.3 మీటర్ల లోతులో విరుగుతుందన్నమాట. అడుగు ఒకే మట్టంగా ఉంటే అల పొడవునా ఒక్కసారే కూలిపోతుంది, బోర్డు మీద లేచి నిలబడే వ్యవధి ఉండదు. ఇసుక మేట వాలుగా ఉన్నచోట మాత్రం ఒక కొస నుంచి మరో కొసకు వరసగా విరుగుతూ సాగుతుంది. వెతకవలసింది ఆ అలనే.

అలాంటి మేటలు ఎక్కువగా మొగల దగ్గర, అంటే నదులు, ఉప్పుటేర్లు సముద్రంలో కలిసేచోట పడతాయి. చిక్కబళ్ళాపురం నంది కొండల సీమలో పుట్టిన పెన్నా నెల్లూరు జిల్లాలో, పాలారు కల్పాక్కం దగ్గర సముద్రంలో కలుస్తాయి. నీటి వేగం తగ్గినచోట ఇసుక దిగి, మొగకు ఎదురుగా నెలవంకలా మేట వేస్తుంది. వరద వచ్చినప్పుడల్లా మేట జరుగుతుంది కాబట్టి నిరుడు అల లేచినచోట ఈ ఏడు లేవకపోవచ్చు.

కర్ణాటకలో ఇందుకు మంచి ఉదాహరణ మూల్కి. శాంభవి, నందిని నదులు ససిహిత్లు దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తాయి. మంత్ర సర్ఫ్ క్లబ్ 2004లో మూల్కిలో మొదలైంది. ఇండియన్ ఓపెన్ ఆఫ్ సర్ఫింగ్ తొలి పోటీలు 2016లో ససిహిత్లులో జరిగాయి. తూర్పు తీరాన చెన్నైకి దక్షిణంగా, ముట్టుకాడు ఉప్పుటేరు మొగకు చేరువలో కోవళం ఉంది. ఇంకా దిగువన ఉన్న మహాబలిపురంలో 2025 ఆగస్టులో ఆసియా ఛాంపియన్‌షిప్ పోటీలు జరిగాయి. రెండు తీరాల్లోనూ నీరు ఏడాది పొడవునా వెచ్చనే.

కాలం చూసుకోవడం ముఖ్యం. పడమటి తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల సముద్రం పోటెత్తి ఉంటుంది, అప్పుడు కొత్తవారు దిగకూడదు. అక్టోబరు నుంచి మే వరకు అలలు చిన్నవి, నేర్చుకోవడానికి అనువైనవి. తూర్పున అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల భయం ఉంటుంది.

ఇక రోజు సంగతి. తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. అది అల ముఖాన్ని నున్నగా నిలబెడుతుంది. మధ్యాహ్నం గాలి తిరగబడి నీటిని చెదరగొడుతుంది. ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధినీ లెక్కపెట్టాలి. ఆరేడు సెకన్లే ఉంటే అది దగ్గరి గాలి లేపిన అల. పన్నెండు సెకన్లు దాటితే దూర సముద్రం నుంచి వచ్చిన బలమైన అల. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అల ఎత్తు, వ్యవధి, దిశల అంచనాలను ముందుగానే ప్రకటిస్తుంది.

మొగ దగ్గర ఆటుపోట్లు మరీ కీలకం. ఆటు సమయంలో నదిలోని నీరంతా సముద్రంలోకి లాగేస్తుంది. ఆ ప్రవాహం అలకు ఎదురొచ్చి దాన్ని నిటారుగా, గజిబిజిగా చేస్తుంది, మనిషిని లోపలికి ఈడ్చుకుపోతుంది. పోటు నిండి నీరు నిలకడగా ఉన్న వేళే మేలు. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది.

నీళ్ళలో దిగేముందు అరగంటైనా ఒడ్డున నిలబడి చూడాలి. తెల్లటి నురగ వరసగా కదిలేచోట మేట ఉంది. రెండు నురగల మధ్య అల విరగని నల్లటి పాయ ఉంటే అక్కడ లోతు ఎక్కువ, నీరు లోపలికి లాగుతోంది. బావుల్లో, చెరువుల్లో నేర్చిన ఈత ఆ లాగుడుకు చాలదు. అందులో చిక్కినవారు ఒడ్డుకేసి ఎదురీదకుండా, బోర్డు వదలకుండా, తీరానికి సమాంతరంగా నురగ ఉన్న వైపుకు కదలాలి. కొత్త చోట స్థానిక జాలరులనూ శిక్షకులనూ అడగకుండా, ఒంటరిగా దిగడం ఎంతటి ఈతగాడికీ తగదు.

ఆశీస్సులతో,
తాతయ్య