ఆయాసం లేదంటే ఆక్సిజన్ సరిపోయినట్టేనా?



పదో తరగతిలో శ్వాసక్రియ పాఠం చెబుతుంటే ఒక పాప అడిగింది: "మేడమ్, ఆక్సిజన్ తగ్గితే ఆయాసం రావాలి కదా? కరోనాలో మా తాతయ్యకు ఎందుకు రాలేదు?"

అది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. 2021 మే నెలలో రాజమండ్రి దగ్గర మా ఊళ్లో ఒక పెద్దాయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. ఆశా కార్యకర్త వేలికి ఆక్సీమీటర్ పెడితే 82 చూపించింది. "నాకేమైందమ్మా, బాగానే ఉన్నాను" అన్నారాయన. వెంటనే ఆసుపత్రిలో చేర్చారు, కోలుకుని వచ్చారు. ఆయాసం వచ్చాక చూద్దాంలే అనుకున్న కొందరు తిరిగి రాలేదు.

మన మెడలో రెండు వైపులా, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని రెండుగా చీలే చోట, బియ్యపుగింజంత అవయవాలు ఉంటాయి. వాటి పేరు కెరోటిడ్ బాడీలు. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే "గట్టిగా ఊపిరి తీసుకో" అని మెదడుకు కబురు పంపేవి ఇవే. వీటి పనితీరును వివరించిన బెల్జియం శాస్త్రవేత్త కార్నెయ్ హేమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది.

మరి కరోనాలో ఆ కబురు ఎందుకు అందలేదు? కరోనా వైరస్ కణంలోకి వెళ్లడానికి వాడుకునే ఏసీఈ2 అనే ప్రోటీన్ కెరోటిడ్ బాడీలలోనూ ఉంది. వైరస్ వాటినే దెబ్బతీసి ఉండొచ్చని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఇది ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. ఇంకో కారణం కూడా ఉంది. ఊపిరి బిగబట్టినప్పుడు మనకు కలిగే ఉక్కిరిబిక్కిరి ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల వస్తుంది. కరోనా మొదటి దశలో చాలామందికి అది మామూలుగానే బయటికి పోయింది. అందుకే ఆక్సిజన్ పడిపోతున్నా ఇబ్బంది తెలియలేదు.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి:

• జ్వరం, దగ్గు ఉన్న పెద్దలకు ఆక్సీమీటర్ పెట్టి చూడండి. గోళ్ల రంగు తుడిచి, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు చూడాలి. 94 కంటే తగ్గితే డాక్టరును కలవండి. 90 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

• చిన్నపిల్లలు నిద్రపోతున్నప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వారికి 40 లేదా అంతకు మించితే, డొక్కలు ఎగరేస్తుంటే, వెంటనే డాక్టరుకు చూపించండి.

ఈ ఆదివారం మీ పిల్లల చేత ఇంట్లో అందరి ఊపిరీ లెక్కపెట్టించి, నోట్‌బుక్‌లో రాయించి పంపండి. మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తేనే తేడా వచ్చినప్పుడు పట్టుకోగలం.