అమ్మ అడుగులు లెక్కకు రాలేదు

యాసంగి నాట్లప్పుడు సెలవులకు బాన్సువాడ పోయిన. అప్పటికే హాస్టల్లో నాకు పదివేల అడుగుల పిచ్చి పట్టి నెల దాటింది. ఊళ్ళోనూ అదే పని. పొద్దున చెరువు కట్ట మీద, సాయంత్రం బోధన్ రోడ్డు మీద నడక. రాత్రి ఫోన్ చూస్తే పదివేల అడుగులు, దాదాపు 340 కేలరీలు. ఆ ధైర్యంతో ఇంకో రెండు గరిటెల అన్నం పెట్టించుకునేవాణ్ణి. కాంటా మీద నా బరువు మాత్రం 70 కిలోల దగ్గరే నిలబడింది.

ఒకరోజు సరదాకు ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నాటు వేయడానికి పోతున్న అమ్మ నడుముకు కట్టిన. పొద్దుమూకినాక చూస్తే నా అడుగుల్లో సగం కూడా లేవు. ఆ యాప్ లెక్కలో అమ్మ ఆ రోజు పెద్దగా కష్టపడనే లేదు! అమ్మ నవ్వి, "గా డబ్బకేం ఎరుక బిడ్డా, బురదల కాలు గుంజుడు ఎట్లుంటదో?" అన్నది.

ఆ మాట పట్టుకుని లెక్క మొదటి నుంచి చూసిన.

అడుగు ఎట్లా లెక్కపడుతుంది?

ఫోన్లో యాక్సెలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. అందులో సన్నని సిలికాన్ స్ప్రింగులకు వేలాడే ఒక చిన్న ముద్ద ఉంటుంది. ఫోన్ కదిలితే ఆ ముద్ద జరుగుతుంది, దాని పక్కనున్న కెపాసిటర్ విలువ మారుతుంది. మూడు దిక్కుల్లో వచ్చే ఈ విలువలను కలిపి గ్రాఫ్ గీస్తే, కాలు నేలకు తాకిన ప్రతిసారీ ఒక శిఖరం కనబడుతుంది. మామూలు నడకలో సెకనుకు దాదాపు రెండు శిఖరాలు వస్తాయి. ప్రోగ్రాం వెతికేది ఈ తాళాన్నే.

అంటే అది లెక్కపెట్టేది కుదుపులను, కష్టాన్ని కాదు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు పారిన మడిలో నాటు వేసే మనిషి వంగి, మెల్లగా వెనక్కి జరుగుతుంది. కాలు బురదలోంచి నిదానంగా లేస్తుంది. అక్కడ కుదుపూ లేదు, తాళమూ లేదు. తలమీద నారు కట్ట మోస్తూ గట్టు మీద నడిస్తే అడుగులు లెక్కపడతాయి గానీ, ఆ బరువు లెక్కపడదు.

అడుగు నుంచి కేలరీకి

ఊరికే కూర్చున్న మనిషి కిలో బరువుకు గంటకు సుమారు 1 కిలోకేలరీ ఖర్చు చేస్తాడు. దీన్నే 1 మెట్ అంటారు. యాప్‌లో 'కేలరీ' అని కనిపించేది నిజానికి కిలోకేలరీయే. గంటకు 5 కిలోమీటర్ల నడక సుమారు 3.5 మెట్‌లు. ఇక నా లెక్క చూడండి:

10,000 అడుగులు × 0.7 మీటర్లు = 7 కిలోమీటర్లు.
7 ÷ 5 = 1.4 గంటలు.
3.5 × 70 × 1.4 = 343 కిలోకేలరీలు.

చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ 1.4 గంటలు మంచం మీద పడుకున్నా 98 ఖర్చయ్యేవే. అవి తీసేస్తే నడక వల్ల అదనంగా పోయింది 245. నేను అదనంగా తిన్నది సుమారు 200 గ్రాముల అన్నం, అంటే దాదాపు 260 కిలోకేలరీలు. బరువు ఎందుకు తగ్గలేదో వేరే చెప్పాలా?

ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీలు ఉంటాయంటారు. తిండి పెంచకుండా రోజూ ఇట్లా నడిస్తే కిలో తగ్గడానికి దాదాపు నెల పడుతుంది.

చేతి గడియారాల లెక్కా అంతంతే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల బ్యాండ్లను పరీక్షిస్తే, ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతోనే చెప్పాయి. కేలరీల విషయంలో మాత్రం అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

పదివేలు ఎక్కడిది?

1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ 'మాంపోకే' అనే యంత్రం అమ్మింది. ఆ పేరుకు అర్థం 'పదివేల అడుగుల మీటరు'. ఆ అంకె అట్లా వ్యాపారంలోంచి వచ్చింది. 2019లో అమెరికాలో వృద్ధ మహిళల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు వేసినవారిలోనే మరణాలు తక్కువగా కనిపించాయి. దాదాపు 7,500 దాటాక అదనపు తేడా కనబడలేదు.

మరి ఏం చేయాలి?

ముందు మీ అడుగు పొడవు కొలవండి. రోడ్డు పక్కన రెండు కిలోమీటరు రాళ్ళ మధ్య ఎన్ని అడుగులు పడ్డాయో మీరే లెక్కపెట్టి, 1000ని దానితో భాగించండి. ఆ పొడవునూ మీ ఇప్పటి బరువునూ యాప్‌లో పెట్టండి. అడుగుల సంఖ్యను నిన్నటి మీతో పోల్చుకోవడానికి వాడండి. కేలరీల అంకెను చూసి తిండి పెంచకండి, అట్లాగని భోజనం మానేయకండి. వారానికోసారి ఒకే వేళకు తూకం చూసుకుని, నాలుగు వారాల తేడా గమనించండి. యాప్ కంటే ఆ కాంటాయే నిజం చెబుతుంది.

ఆ రోజు రాత్రి కూడా అమ్మ అలవాటుగా నాకే ముందు వడ్డించి, గిన్నెలో మిగిలింది తన కంచంలో వేసుకోబోయింది. ఈసారి గరిటె నేను తీసుకున్న. ఆ రెండు గరిటెల అన్నం అవసరమైంది నాకు కాదని అప్పటికి లెక్క తేలింది.