చిన్న ట్రాక్టరుకు ఇంటి దగ్గర టర్బో పెట్టవచ్చునా?

లారీల మీద, బస్సుల మీద "టర్బో" అని పెద్ద అక్షరాలతో రాసి ఉండడం మీరందరూ చూసే ఉంటారు. టర్బో అంటే బండికి బలం పోసే యంత్రం అని చాలామంది అనుకుంటారు. అది ఎంతవరకు నిజమో ఈ వ్యాసంలో చూద్దాం. మనలో ట్రాక్టరు ఉన్న ఇళ్లు తక్కువే. కాని కిరాయి ట్రాక్టరు చెడిపోతే మన నాట్లు ఆగిపోతాయి. కాబట్టి ఇది మనందరి పాఠమే.

నాకు ఈ సంగతి ఎందుకు కావలసి వచ్చింది?

మా పెదనాన్న ఇంకో ఇద్దరితో కలిసి అప్పు చేసి ఒక పాత చిన్న ట్రాక్టరు కొన్నాడు. అది 25 హార్స్ పవర్, ఒకటే సిలిండరు. మా కోయగూడెంలో అదొక్కటే ట్రాక్టరు. దమ్ము చేసేటప్పుడు గుంజలేక నల్ల పొగ వదులుతుంది. ఎవరో వచ్చి "పాత లారీ టర్బో అగ్గువకు దొరుకుతది, ఇంటికాడనే బిగించుకోవచ్చు" అని చెప్పారు. పెదనాన్న హాస్టలుకు ఫోను చేసి "బిడ్డా, మనింట్ల చదువుకున్నది నువ్వొక్కదానివే. కనుక్కొని చెప్పు" అన్నాడు. అందుకని దసరా సెలవులలో ఎల్.బి.నగర్ లో ఉండే మా మేనమామ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ వివరాలు సేకరించాను.

భద్రాచలం నుంచి ఖమ్మం, సూర్యాపేట మీదుగా వచ్చే బస్సు ముందు ఎల్.బి.నగర్, తర్వాత దిల్‌సుఖ్‌నగర్ చేరుతుంది. ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి విజయవాడ రోడ్డులో పోతే వనస్థలిపురం దగ్గర ఆటోనగర్ ఉంది. దాని పక్కనే మహావీర్ హరిణ వనస్థలి అనే జింకల పార్కు కూడా ఉంది. మామ ఆటోనగర్ లో ఒక లారీ షెడ్డులో పని చేస్తాడు.

టర్బో ఎలా పని చేస్తుంది?

దిల్‌సుఖ్‌నగర్ లో మెట్రో వంతెన కింద నిలబెట్టి మామ నాకు మొదటి పాఠం చెప్పాడు. డీజిల్ బస్సు కదిలేటప్పుడు ఇంజను మోతతో పాటు సన్నగా ఈల వినిపిస్తే అది టర్బో తిరిగే చప్పుడు. కరెంటు బస్సుకు ఆ ఈల ఉండదు. ఎందుకంటే దానికి పొగ లేదు. టర్బోను తిప్పేది పొగే.

మరునాడు షెడ్డులో విప్పి పెట్టిన టర్బో చూశాను. ఒక ఇరుసుకు రెండు చివరలా రెండు చిన్న రెక్కల చక్రాలు ఉన్నాయి. ఇంజను నుంచి వేడిగా బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఇరుసు ఒకటే కాబట్టి రెండో చక్రం కూడా తిరుగుతుంది. అది బయటి గాలిని గుంజి, ఒత్తి, ఇంజనులోకి నెడుతుంది. వృథాగా పోయే పొగతోనే పని చేయించుకోవడం అన్నమాట. మన హాస్టలు ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. చిన్న టర్బో లక్ష చుట్లు కూడా దాటుతుంది. అంత వేగానికి ఇరుసు అరిగిపోకుండా ఇంజను ఆయిలు ఎప్పుడూ పారుతూ ఉండాలి.

చరిత్ర: రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో 1897లో తన ఇంజనును నడిపి చూపించాడు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో టర్బో ఆలోచనకు పేటెంటు పొందాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఆయన 14,000 అడుగుల ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీద విమానం ఇంజనుకు టర్బో పెట్టి పరీక్షించాడు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పల్చబడి ఇంజను బలం తగ్గుతుంది. టర్బో ఆ లోటును తీర్చింది.

ఊదుడు గొట్టం లెక్క

మన అమ్మలు పొయ్యి దగ్గర ఊదుడు గొట్టంతో ఊదుతారు కదా! ఊదితే మంట లేస్తుంది. కాని పొయ్యిలో కట్టె లేకపోతే ఎంత ఊదినా బూడిదే ఎగురుతుంది. టర్బో ఊదుడు గొట్టం వంటిది. డీజిలు కట్టె వంటిది. ఇప్పుడు లెక్క చూడండి.

సిలిండరులో ఒకటిన్నర లీటరు గాలి పడుతుందనుకుందాం. ఇంజను నిమిషానికి 1600 చుట్లు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే 800 సార్లు.

800 × 1.5 = 1200 లీటర్ల గాలి.

1000 లీటర్ల గాలి బరువు సుమారు 1200 గ్రాములు. కనుక 1200 లీటర్ల గాలి 1440 గ్రాములు. 1 గ్రాము డీజిలు కాలడానికి సుమారు 14.5 గ్రాముల గాలి కావాలి. పొగ రాకుండా కాలాలంటే ఇంకా ఎక్కువ ఉండాలి. 20 అనుకుందాం.

1440 ÷ 20 = 72 గ్రాముల డీజిలు.

గంటకు 4320 గ్రాములు, అంటే 5 లీటర్ల పైచిలుకు. టర్బో పెట్టి గాలి ఒకటిన్నర రెట్లు చేస్తే 108 గ్రాములు కాల్చవచ్చు. కాని డీజిలు పంపును మార్చకపోతే అది ఇచ్చేది ఆ 72 గ్రాములే! ఉత్త టర్బోతో బలం పెద్దగా పెరగదు. పంపు తిప్పి డీజిలు పెంచితే బలం పెరుగుతుంది, దానితో పాటు వేడి, ఒత్తిడి కూడా పెరుగుతాయి. పిస్టను, హెడ్ గ్యాస్కెట్, క్లచ్, గేర్లు అవి 25 హార్స్ పవర్ కు చేసినవి. కంపెనీలో టర్బోతో వచ్చే ఇంజనుకు ఇవన్నీ దానికి తగ్గట్టు తయారు చేస్తారు.

ఇంటి దగ్గర పెడితే వచ్చే చిక్కులు

1. లారీ టర్బో పెద్దది. చిన్న ఇంజను పొగ దాన్ని సరిగా తిప్పలేదు. పొగ దారికి అడ్డం మాత్రం అవుతుంది.

2. ఒకటే సిలిండరు అయితే పొగ ఆగి ఆగి వస్తుంది. పొగ వచ్చి టర్బో తిరిగే సమయానికి గాలి లోపలికి పోయే వాల్వు మూసి ఉంటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2010 తర్వాతి సంవత్సరాలలో దీనికి ఒక ఉపాయం పరీక్షించారు. టర్బోకు, ఇంజనుకు మధ్య ఒక గాలి డబ్బా పెట్టి, వాల్వు తెరుచుకునే దాకా గాలిని అందులో దాచారు. అంటే ఇది అసాధ్యం కాదు. కాని డబ్బా ఎంత ఉండాలి, టర్బో ఎంత ఉండాలి అన్నీ కొలిచి చేయాలి.

3. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టి పంపు కింది భాగం ముట్టుకొని చూడండి, తెలుస్తుంది. వేడి గాలి పల్చన. అందుకే పెద్ద బండ్లలో దాన్ని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ పెడతారు.

4. టర్బో ఆయిలు సీలు పోతే ఇంజను ఆయిలు గాలి దారిలోకి పోతుంది. అప్పుడు ఇంజను ఆ ఆయిలునే కాల్చుకుంటూ, డీజిలు ఆపినా ఆగకుండా పరుగెత్తుతుంది. ఇది చాలా ప్రమాదం. గాలి గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టరాదు, దూరంగా పోవాలి.

5. అనుమతి లేకుండా బండిని కంపెనీ చేసిన తీరు నుంచి మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్తుంది.

మరి ఏం చేయాలి?

నల్ల పొగ అంటే డీజిలు ఎక్కువై గాలి తక్కువైందని, లేదా డీజిలు సన్నగా చిమ్మడం లేదని గుర్తు. షెడ్డు మేస్త్రి నాతో "పాపా, ముందు ఉన్న గాలిని సక్కగ పోనియ్యుండ్రి, కొత్త గాలి సంగతి తర్వాత" అన్నాడు. ఆయన చెప్పిన వరుస ఇది: ఎయిర్ ఫిల్టరు కడిగి దాని తొట్టిలో ఆయిలు మార్చాలి. నాజిల్ పరీక్ష చేయించాలి. ట్యాపెట్ సందు సరి చూడాలి. బురదలో టైర్లు జారితే ఇనుప కేజీ చక్రాలు కట్టాలి. జారేది టైరు అయితే ఇంజనుకు ఎంత బలం పెంచినా లాభం లేదు.

ఇదంతా నోటుబుక్కులో రాసుకొని ఇంటికి ఫోను చేసి చదివి వినిపించాను. ముగ్గురూ కూర్చొని విన్నారు. టర్బో కొనడం మానుకున్నారు. ఫిల్టరు తొట్టి విప్పితే ఆయిలు బదులు గట్టి మట్టి ఉన్నదట. అది కడిగించి, నాజిల్ మార్పించాక పొగ తగ్గింది. ట్రాక్టరు 25 హార్స్ పవర్ దాటలేదు, దాటదు కూడా. బరువు దమ్ములో చిన్న గేరులో నిదానంగా పోతున్నది. టర్బోకని దాచిన డబ్బు అప్పు కిస్తీకి కట్టారు.

చెల్లెళ్లారా, ఇంజను అబ్బాయిల పాఠం అని వదిలేయకండి. గాలి, వేడి, ఒత్తిడి మన సైన్సు పుస్తకంలో ఉన్నవే. ఇంటికి పోయినప్పుడు ట్రాక్టరు దగ్గర నిలబడి పొగ రంగు చూడండి.

ప్రశ్నలు (జవాబులు రాసి గోడపత్రిక డబ్బాలో వేయండి)

1. టర్బోను తిప్పేది ఏది?
2. సిలిండరు 1 లీటరు, 2000 చుట్లు అయితే నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి?
3. గాలి పెరిగి డీజిలు పెరగకపోతే ఏమవుతుంది?

— 9వ తరగతి విద్యార్థిని