రాత్రి ప్రయాణం, పక్క సీటు: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

లేక్ టాహో పక్కనున్న ఒలింపిక్ వ్యాలీ నుంచి యూటాలోని పార్క్ సిటీకి రోడ్డు దూరం సుమారు 590 మైళ్లు, అంటే 950 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లి సగం దారి వెనక్కి వచ్చినంత. 1960 శీతాకాల ఒలింపిక్స్ మొదటి చోట జరిగాయి. 2002లో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ నడిపినప్పుడు కొన్ని పోటీలు రెండో చోట పెట్టారు. ఒకే సెలవులో రెండు కొండల మీదా స్కీలతో జారాలని కుర్రకారుకు ఉబలాటం. సాయంత్రం నాలుగింటికి లిఫ్టులు ఆగాక నాలుగు మెతుకులు తిని బండెక్కితే, రాత్రంతా నడిపి, మర్నాడు తొమ్మిదింటికి అవతలి కొండ దగ్గర లైన్లో నిలబడవచ్చన్నది వాళ్ల లెక్క. మేనల్లుడి కిందటి మెసేజీలో ఉన్నదీ ఇదే: నలుగురు, ఒక అద్దె కారు, ఒక రాత్రి. అందులో మైళ్లున్నాయి, పెట్రోలు ఖర్చుంది, దారిలో తినే చిప్స్ కూడా ఉన్నాయి. నిద్ర మాత్రం ఎక్కడా లేదు.

దారి కనుక్కోవడంలో చిక్కేమీ లేదు. ట్రకీ దాకా చిన్న రోడ్డు, అక్కడి నుంచి చివరిదాకా దాదాపు అంతా ఇంటర్‌స్టేట్ 80. రీనో, లవ్‌లాక్, విన్నెమక్కా, బ్యాటిల్ మౌంటెన్, ఎల్కో, వెల్స్, వెండోవర్ వరసగా వస్తాయి. తర్వాత ఉప్పు ఎడారి, సాల్ట్ లేక్ సిటీ, ఆఖరున పార్లీస్ కనుమ ఎక్కితే పార్క్ సిటీ. గంటకు సగటున 65 మైళ్లు పడ్డా తొమ్మిది గంటలు నడపాలి. ఆగిన చోట్లకు ఇంకో రెండు గంటలు కలుపుకోవాలి. తూర్పుకు పోతున్నారు కాబట్టి వెండోవర్ దగ్గర గడియారం ఒక గంట ముందుకు దూకుతుంది. ఏడింటికి బయల్దేరిన బండి అన్నీ కుదిరితే అక్కడి టైము ప్రకారం పొద్దున ఏడింటికి చేరుతుంది. మంచు పడితే ఈ లెక్కంతా వృథా.

1846లో డోనర్ బృందం అనే వలసదారుల గుంపు ఎదురుదిక్కున వచ్చిన దారి దాదాపు ఇదే. దగ్గరదారి అని ఎవరో రాసింది నమ్మి ఉప్పు ఎడారిలోకి దిగారు. ఎడ్లు పోయాయి, రోజులు పోయాయి. హంబోల్ట్ నది పట్టుకుని వచ్చేసరికి చలికాలం మీద పడింది. ట్రకీ పైనున్న కనుమ కింద మంచులో చిక్కుకుని ఎనభై మందికి పైగా ఉన్న ఆ గుంపులో దాదాపు సగం మంది చనిపోయారు. ఈ కథ భయపెట్టడానికి కాదు. డోనర్ కనుమ ట్రకీకి పడమరన ఉంది కాబట్టి తూర్పుకు వెళ్లే బండి దాన్ని ఎక్కనే అక్కర్లేదు. అలాగని ట్రకీ నుంచి నెవాడా సరిహద్దు దాకా ఉన్న ముక్కను తేలిగ్గా తీసుకోకూడదు, టైర్లకు గొలుసులు కట్టాలన్న నిబంధన అక్కడిదాకా పెట్టే రోజులుంటాయి.

కాలిఫోర్నియాలో ఆ నిబంధనకు మూడు మెట్లు. రెండో మెట్టు ఆర్-2 బోర్డు పెట్టారంటే నాలుగు చక్రాలకూ మంచు టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు తప్ప అన్నీ గొలుసులు కట్టుకోవాలి. ఆర్-3 అయితే ఎవరికీ మినహాయింపు లేదు. అయితే ఆ స్థితి వచ్చేలోపే రోడ్డు మూసేయడం మామూలు. మినహాయింపు ఉన్న బండిలో కూడా గొలుసులు ఉండి తీరాలి. కట్టడం ఎలాగో పగలు, పొడి నేల మీద ఒకసారి చేసి చూడాలి. చీకట్లో, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు నేర్చుకునే విద్య కాదది. అద్దె కార్లకు గొలుసులు కట్టడాన్ని ఒప్పుకోని ఒప్పందాలు ఉంటాయి కాబట్టి సంతకానికి ముందే ఆ షరతు చదవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కదలడానికి సాయపడుతుందే గానీ ఆగడానికి సాయపడదు. వంతెనలు రోడ్డు కంటే ముందు గడ్డకడతాయి. తడిగా మెరుస్తున్నట్టు కనిపించే చోట నీళ్లున్నాయో గాజులాంటి మంచుందో హెడ్‌లైట్ల వెలుగులో తెలియదు, కాబట్టి క్రూయిజ్ కంట్రోల్ తీసేయాలి. నెవాడా, యూటాలలో 511కి ఫోన్ చేస్తే రోడ్ల పరిస్థితి చెబుతారు.

పెట్రోలు సగానికి దిగగానే నింపుకోవాలి. వెండోవర్ దాటాక వంద మైళ్ల మేర బంకుల మీద నమ్మకం పెట్టుకోలేం. అద్దం కడిగే నీళ్లు గడ్డకట్టని రకం పోసుకోవాలి. మంచులో బండి కూరుకుపోతే దిగి నడవకూడదు, లోపలే ఉండాలి. ఇంజను ఆపకుండా వేసి ఉంచకూడదు. గంటకు పది నిమిషాలు చాలు. వేసే ముందు పొగ గొట్టం చుట్టూ మంచు తీసేసి, ఒక కిటికీ వేలెడంత దించాలి. గొట్టం మూసుకుపోతే లోపలికొచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నలుగురికీ నాలుగు దుప్పట్లు, నీళ్లు, టార్చి ఉండాలి. మేనల్లుడికి ఒక దుప్పటి ఎక్కువే ఉండాలి. సంక్రాంతికి ఊళ్లో పడే చలికే ముసుగుతన్ని భోగిమంట దాకా రాని పిల్లవాడు మంచుకొండల మీద ఏం ఆనందం వెతుక్కుంటున్నాడో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు. ఫోటోలో నవ్వు మాత్రం బాగుంది.

ఇక అసలు విషయం. మనిషి శరీరానికి రాత్రి రెండు నుంచి ఆరు దాకా మెలకువ బాగా తగ్గుతుంది. అలవాటుతో, పట్టుదలతో అది మారదు. దానికి తోడు ఎంతసేపటి నుంచి మేలుకుని ఉన్నారన్నది ఉంటుంది. పదిహేడు, పద్దెనిమిది గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి చేతులూ చూపూ, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగుతాయని పరిశోధనలు తేల్చాయి. యూటాలో తాగి నడిపినట్టు కేసు పెట్టడానికి హద్దు సరిగ్గా ఆ 0.05 శాతమే. 2018 డిసెంబరు 30 నుంచి అమల్లో ఉంది. మిగతా రాష్ట్రాల్లో 0.08. స్కీయింగ్ కోసం పొద్దున ఆరింటికి లేచినవాడికి రాత్రి పదకొండుకే పదిహేడు గంటలు నిండుతాయి. అప్పటికి బండి ఇంకా విన్నెమక్కా దరిదాపుల్లో ఉంటుంది, సగం దారి కూడా కాలేదు. చుక్క ముట్టని కుర్రాడు కూడా యూటాలోకి అడుగుపెట్టేది తాగినవాడి చూపుతోనే.

కునుకు చెప్పి రాదు. నాలుగు సెకన్లు రెప్ప పడితే, గంటకు 80 మైళ్ల మీద బండి 140 మీటర్లు తనంతట తాను పోతుంది. కిటికీ దించడం, పాటలు గట్టిగా పెట్టడం కొన్ని నిమిషాలకు మించి పనిచేయవు. ఆంధ్రలో హైవేల మీద పోలీసులు అర్ధరాత్రి లారీలు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగిస్తారు. మంచి పనే, కానీ ఆ చన్నీళ్ల కంటే బండి ఆగి మనిషి దిగడమే ఎక్కువ మేలు చేస్తుంది. కాఫీ తాగిన ఇరవై ముప్పై నిమిషాలకు గానీ పని మొదలుపెట్టదు. అందుకని కాఫీ తాగి, బండి పక్కకు పెట్టి, పదిహేను ఇరవై నిమిషాలు పడుకుని లేవడం ఉన్నవాటిలో మేలైన ఉపాయం. ఆ కునుకు రోడ్డు అంచున కాదు, రెస్ట్ ఏరియాలో తీయాలి.

ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పుస్తకాలు సరిగ్గా చెప్పనిది పక్క సీటు గురించి. మామయ్య చదువు మానేసి క్లీనరుగా లారీ ఎందుకెక్కాడన్నది ఇంట్లో అందరికీ తెలిసిన కథే. గుంటూరు మిర్చి బస్తాలు కలకత్తాకు వేసుకుపోయే ఆ బండి మీద క్లీనరు పనుల్లో టైర్లు తట్టి చూడటం, తాళ్లు బిగించడం పగటి పనులు. వానలో వైపరు మొరాయిస్తే బీడీ పొగాకు తడిపి అద్దానికి రుద్దడం కూడా క్లీనరు వంతే. అలా రుద్దితే నీళ్లు చుక్కలు కట్టకుండా పల్చగా జారిపోయేవి. రాత్రి పని ఒక్కటే: డ్రైవరును మాట్లాడించడం. ఆ బండి డ్రైవరైన గురువుగారికి క్లీనరు నిద్రపోతే కోపం వచ్చేది కాదు. బండి ఆపి, ఇంజను కట్టేసి, తానూ పడుకునేవాడు. ఇద్దరూ మేలుకుంటేనే బండి కదలాలన్నది ఆయన పెట్టుకున్న చట్టం. అన్నవరం తొలిపావంచా దగ్గర ఆగకుండా ఏ ట్రిప్పులోనూ దాటలేదు. దిగి, చెప్పులు విప్పి, స్వామికి దండం పెట్టుకుని, బండి చుట్టూ ఒకసారి నడిచొచ్చేవాడు. భక్తి ఎంతో, కాళ్లు చాచుకోవడం ఎంతో ఆయనకే తెలియాలి. ప్రసాదం దొరికిన రోజున గోధుమనూక, బెల్లం వాసన తుని దాకా క్యాబిన్‌లో ఉండేది. ఆ ప్రసాదమంటే మేనల్లుడికి ప్రాణం. ఈసారి ఎవరైనా అటు వస్తే పంపించాలి.

పక్క సీటు పని ఇలా ఉంటుంది. అక్కడ కూర్చున్నవాడు ఫోన్ చూడకూడదు. వెలుగుకు తన కళ్లూ చెడతాయి, నడిపేవాడి కళ్లూ చెడతాయి. అవుననో కాదనో తేలిపోయే ప్రశ్నలు అడగకూడదు, కథ చెప్పించే ప్రశ్నలు అడగాలి. జవాబు ఆలస్యమవుతోందా, అడిగిందే మళ్లీ అడుగుతున్నాడా, బండి వేగం ఊరికే పెరిగి తగ్గుతోందా, చక్రం తెల్లగీత మీది గరుకు గాట్లకు తగిలి బుర్రుమందా, చెయ్యి మాటిమాటికీ మెడ మీదికి పోతోందా చూడాలి. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా వచ్చే ఎగ్జిట్‌లో దిగాలి. నడిపేవాడి అభిప్రాయం అడగనక్కర్లేదు. నిద్రమత్తులో ఉన్నవాడు తనకు నిద్ర రావడం లేదని నిజాయితీగానే చెబుతాడు. అందుకే ఆపే అధికారం స్టీరింగుకు కాక పక్క సీటుకు ఉండాలి, ఈ సంగతి బయల్దేరే ముందే నలుగురూ ఒప్పుకోవాలి. మొహమాటం ఉన్నవాడిని అక్కడ కూర్చోబెట్టకూడదు. మేనల్లుడి మొహమాటం ఎంతటిదో వడ్డించిన ప్రతిసారీ వద్దనలేక తిన్న పెళ్లిభోజనాలే సాక్ష్యం. కాబట్టి రాత్రి పన్నెండు దాటాక అతను వెనక పడుకోవడమో నడపడమో చేయాలి గానీ పక్క సీటు ఇంకొకరికి ఇవ్వాలి.

నలుగురిలో ఇద్దరు ముందు, ఇద్దరు వెనక. రెండు గంటలకోసారి జోడీ మొత్తం మారాలి. డ్రైవరు ఒక్కడే మారి, పక్కనున్నవాడు అలాగే కూర్చుంటే అలసిన కాపలా మిగులుతుంది. వెనక పడుకున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకునే పడుకోవాలి. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటల పని అంది. అమెరికాలో సరుకు ట్రక్కుల వాళ్లకు పది గంటల విశ్రాంతి తర్వాత పదకొండు గంటలకు మించి నడపకూడదన్న హద్దుంది. జీతానికి నడిపేవాళ్లకే ఇన్ని కట్టుబాట్లు. సరదాకు నడిపేవాడికి ఇలాంటి హద్దేదీ లేదు.

ఈ దారిలో అసలు తిరకాసు సమయానిది. వెల్స్ దాటాక పీకాప్ కనుమ దాదాపు 7,000 అడుగుల ఎత్తు. అక్కడ రోడ్డుకు అడ్డం వచ్చే జింకల కోసం పైన ప్రత్యేకంగా వంతెన కట్టారు. అయినా జింక ఎదురైతే బండిని పక్కకు కోయకుండా తిన్నగా బ్రేకు వేయాలి. ఆ మలుపులూ ఎత్తుపల్లాలూ మనిషిని మేలుకొలుపుతూనే ఉంటాయి. వెండోవర్ దాటగానే అవి ఆగిపోతాయి. నలభై మైళ్ల దాకా గీత గీసినట్టు రోడ్డు, రెండు పక్కలా తెల్లటి ఉప్పు. ఒక చోట 1986లో నిలబెట్టిన 87 అడుగుల సిమెంటు చెట్టు శిల్పం తప్ప కంటికి ఆనడానికి ఏమీ ఉండదు, అదీ చీకట్లో కనిపించదు. ఏడింటికి బయల్దేరిన బండి ఇక్కడికి చేరేది శరీరం లెక్కన రాత్రి మూడింటికి. మెలకువ అన్నిటికంటే తక్కువున్న గంట, చూడ్డానికి ఏమీ లేని రోడ్డు ఒకదాని మీద ఒకటి పడతాయి. బయల్దేరే వేళను అటూ ఇటూ జరపకుండా దీనికి విరుగుడు లేదు.

జరపడానికి రెండు దారులు. ఒకటి, టాహోలోనే పడుకుని తెల్లవారుజామున బయల్దేరడం. అప్పుడు సాయంత్రం లోపు చేరతారు, ఒక రోజు స్కీయింగ్ పోతుంది. రెండోది, ఎల్కోలో ఆగడం. సగం దాటిన చోటు, రాత్రి ఒంటిగంటకు చేరతారు, మోటళ్లకు కొదవలేదు. అద్దె నలుగురి మధ్య పంచుకుంటే భారం కాదు. ఏడింటికి లేచి బయల్దేరితే ఉప్పు ఎడారి పట్టపగలు చూడవచ్చు, మధ్యాహ్నానికి కొండ దగ్గర ఉంటారు. పోయేది సగం రోజు టికెట్టు. రెండింటిలో ఎల్కో మేలు. డబ్బు చాలకపోతే చెప్పడానికి మొహమాటపడకూడదు. మామయ్య అడక్కుండానే పంపేవాడు గానీ, సంపాదించే కుర్రాడు నొచ్చుకుంటాడేమోనని ఆగాడు.

చివరి ముక్క పార్లీస్ కనుమ. సాల్ట్ లేక్ సిటీ నుంచి సుమారు ముప్పై మైళ్లే గానీ 7,000 అడుగులు దాటి ఎక్కాలి. పెద్ద సరస్సు మీదుగా వచ్చే గాలి ఈ కొండల మీద ఉన్నట్టుండి మంచు కురిపిస్తుంది. గమ్యం కనిపిస్తోందన్న ధీమా కూడా ఇక్కడే ఎక్కువ. సాల్ట్ లేక్‌లో ఒకసారి దిగి, టిఫిన్ తిని, రోడ్డు కబురు కనుక్కుని అప్పుడు ఎక్కాలి. రాత్రంతా నడిపినవాళ్లు మాత్రం చేరిన రోజున స్కీలు కట్టకూడదు, నాలుగైదు గంటలైనా పడుకోవాలి.

ఫోన్ల సంగతి. ఏడింటికి బండెక్కేటప్పుడు ఇక్కడ ఇంటి దగ్గర మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర, అక్కయ్య వంటింట్లో ఉంటుంది. ఎల్కోలో గది తలుపు తీసేసరికి ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. భోజనం అయి ఉంటుంది కాబట్టి అప్పుడు చేయడం మంచిది, రెండు మాటలు ఎక్కువే మాట్లాడవచ్చు. పార్క్ సిటీ చేరేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. అక్కయ్యను లేపకుండా మామయ్య ఫోన్‌కు మెసేజీ పెడితే సరిపోతుంది, అది ఎలాగూ మోగే మోడ్‌లోనే ఉంటుంది.