ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: ఇంట్లో హాట్ టబ్ ఏది కొనాలి, అందులో ఎవరు దిగాలి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నవంబరులో మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. నాన్నగారికి 70 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. అరికాళ్లు మొద్దుబారి, కాలి నుంచి చెప్పు ఊడిపోయినా తెలియడం లేదంటారు. బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వాడుతున్నారు. అమ్మకి 66, రెండు మోకాళ్లూ అరిగాయి. వాళ్ల నొప్పులకి హాయిగా ఉంటుందని పెరట్లో హాట్ టబ్ పెట్టాలనుకుంటున్నాం. మూడు చూశాం. ఒకటి గాలి నింపేది, బాగా చవక. రెండోది గట్టి ప్లాస్టిక్‌ది, మామూలు 120 వోల్టుల ప్లగ్గుతోనే నడుస్తుంది. మూడోది పాత అక్రిలిక్ టబ్, స్నేహితులు ఇల్లు మారుతూ తక్కువకి ఇస్తామంటున్నారు. దానికి నలభైకి పైగా జెట్లున్నాయి, 240 వోల్టుల లైను కావాలి. మాకు తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. మూడింట్లో ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, మీరు టబ్బుల గురించి రాసినదాని కన్నా మీ అమ్మానాన్నల గురించి రాసిన నాలుగు ముక్కలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. ఎన్ని జెట్లున్నాయి, ఎన్ని రంగుల లైట్లున్నాయి అన్నది దుకాణంవాళ్లు చూసుకునే లెక్క. అందులోకి ఎవరు దిగుతారు, ఎలా దిగుతారు, ఎలా పైకి లేస్తారు, ఆ నీళ్లని రోజూ ఎవరు చూసుకుంటారు అన్నది మీరు చూసుకోవాల్సిన లెక్క.

ముందు అమ్మగారి సంగతి. అరిగిన మోకాళ్లకి గోరువెచ్చని నీళ్లు నిజంగానే మేలు చేస్తాయి. కాపడంలాగా కీలు చుట్టూ ఉన్న కండరాల బిగువు తగ్గుతుంది, నీళ్లు మనిషిని పైకి తేలుస్తాయి కాబట్టి కీలు మీద బరువూ తగ్గుతుంది. నీళ్లలో కూర్చున్నప్పుడు మోకాలిని మెల్లగా చాపడం, ముడవడం చేస్తే ఇంకా మంచిది. అయితే గాలి నింపే టబ్బుల్లో చాలావాటికి లోపల సీట్లు ఉండవు, అడుగునే కూర్చోవాలి. మోకాళ్లు అరిగిన 66 ఏళ్ల మనిషి నేల మీద కూర్చుని, తడి వినైల్ మీద నుంచి ఎలా లేస్తారు? పట్టుకోవడానికి గట్టి అంచు కూడా ఉండదు, ఆనుకుంటే వంగిపోతుంది. ధర ఎంత తక్కువైనా మీ ఇంటికి ఆ టబ్ వద్దు. ఇద్దరు ముప్ఫై ఏళ్లవాళ్లు అడిగి ఉంటే వేరేగా చెప్పేవాణ్ణి.

ఇక నాన్నగారు. ఆయన విషయంలో నాకు రెండు భయాలున్నాయి. మొదటిది అరికాళ్ల మొద్దుబారడం. నీళ్లు కాలిపోతున్నాయని మనకి ముందుగా చెప్పేది చర్మమే, ఆయన పాదాలకి ఆ కబురు అందదు. జెట్ దగ్గర కాలు పెట్టుకుని కూర్చున్నా, అడుగున గరుకుగా ఉన్నచోట చర్మం గీరుకున్నా తెలియదు. ఆయన పాదాలకి పుండుగానీ, పగులుగానీ ఉంటే మానేదాకా టబ్ మాట ఎత్తకండి. దిగిన ప్రతిసారీ బయటికి వచ్చాక మీరే ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు చూసి పొడిగా తుడవండి. ఇన్సులిన్ తీసుకుంటూ ఉంటే ఇంకొక జాగ్రత్త కావాలి. వేడికి ఇన్సులిన్ త్వరగా రక్తంలోకి పోయి షుగర్ పడిపోవచ్చు. ఇంజెక్షన్ వేసుకున్న వెంటనే దిగకూడదు.

రెండో భయం, బయటికి వచ్చేటప్పుడు పడిపోవడం. మెడ దాకా నీళ్లలో కూర్చున్నప్పుడు నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీవైపు వస్తుంది. అదే సమయంలో వేడికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. మనిషి లేచి నిలబడగానే నీటి ఒత్తిడి పోతుంది, నాళాలు మాత్రం వెడల్పుగానే ఉంటాయి. రక్తం కాళ్లలోకి జారుతుంది, బీపీ ఒక్కసారిగా తగ్గుతుంది. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ రెండూ రక్తనాళాల్ని వదులు చేసే మందులే కాబట్టి ఆ తగ్గడం ఇంకాస్త ఎక్కువగా ఉండొచ్చు. అలాగని మందు మానిపించకండి. ముందు టబ్ అంచు దగ్గరి ఎత్తు సీటు మీదికి జరిగి, నడుము దాకా మాత్రమే నీళ్లలో ఉండి రెండు నిమిషాలు కూర్చోవాలి. తర్వాత చేతికమ్మీ పట్టుకుని, పక్కన మీరో మీవారో ఉండగా లేవాలి. ఒంటరిగా ఎప్పుడూ దిగకూడదు. మద్యం తాగి అసలే దిగకూడదు.

అంటే మీ ఇంటి టబ్బుకి వేరువేరు ఎత్తుల్లో సీట్లు, లోపల ఒక మెట్టు, బయట వెడల్పాటి మెట్లు, గట్టి చేతికమ్మీ ఉండాలి. ఇవి నలభై జెట్ల కన్నా విలువైనవి. పడుకునే సీటు ఉన్న టబ్బులు చూడ్డానికి బాగుంటాయి గానీ, పొట్టిగా, సన్నగా ఉండే పెద్దవాళ్లు అందులో నిలవలేక తేలిపోతుంటారు. కొనేముందు అమ్మావాళ్లంత ఎత్తున్న వాళ్లెవరినైనా షోరూముకి తీసుకెళ్లి, ఖాళీ టబ్బులోనైనా కూర్చోబెట్టి లేపి చూడండి.

వేడి ఎంత? అమెరికాలో హాట్ టబ్ నీటికి గరిష్ఠ హద్దు 104 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 సెల్సియస్. అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి పెట్టిన హద్దు, మీ అమ్మానాన్నలకి కాదు. వాళ్లకి నేను చెప్పేది 100 డిగ్రీలు, పది నిమిషాలు. ఒంటి వేడికి ఒకటిన్నర డిగ్రీలే ఎక్కువ కదా, అది సరిపోతుందా అనిపించొచ్చు. కీళ్లకి అది చాలు.

ఈ మాటతోనే 120, 240 వోల్టుల తగాదా కూడా సగం తీరిపోతుంది. 120 వోల్టుల టబ్ మెల్లగా వేడెక్కుతుంది. చాలా మోడళ్లలో జెట్లు జోరుగా తిరుగుతున్నప్పుడు హీటరు ఆగుతుంది. మిన్నెసోటా చలిలో, గంటసేపు నలుగురు కూర్చునే ఇంట్లో అది పెద్ద లోపమే. డాలస్ చుట్టుపక్కల పది నిమిషాలు 100 డిగ్రీల నీళ్లలో కూర్చునేవాళ్లకి కాదు. అక్కడ మీకు అసలు ఇబ్బంది ఎండాకాలంలో ఎదురవుతుంది. బయట ఎండ, పంపు వేడి కలిసి, మూత బిగించిన టబ్బులో నీళ్లు మీరు పెట్టిన అంకెను దాటి వేడెక్కుతాయి. అందుకే ప్యానెల్ మీది అంకెను నమ్మి దింపకండి. విడిగా ఒక నీటి థర్మామీటరు కొని, ప్రతిసారీ ముంచి చూడండి.

స్నేహితుల పాత టబ్ మీద మీకు మనసున్నట్టుంది. దాని తయారీ సంవత్సరం అడిగారా? 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ అడుగునున్న డ్రెయిన్ లాగేసే బలానికి అతుక్కుపోయి, పైకి రాలేక చనిపోయింది. ఆమె తల్లి చేసిన పోరాటం వల్ల ఆ పాప పేరుతోనే 2007లో అమెరికాలో చట్టం వచ్చింది. ఆ తర్వాత అమ్మే డ్రెయిన్ మూతలు జుట్టునీ ఒంటినీ పట్టి లాగని రకంగా ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. పాత టబ్బులో మూత పగిలినా, పాత రకందైనా మీ తొమ్మిదేళ్ల పాప జడ అందులో చిక్కుకునే ప్రమాదముంది. పైగా నలభై జెట్లంటే వాటి వెనక అన్ని పైపులు. కొన్నాళ్లు వాడకుండా ఉన్న టబ్బులో ఆ పైపుల లోపలి గోడలకి జిగురుపొర పట్టి, అందులో సూక్ష్మజీవులు కాపురముంటాయి. మామూలు క్లోరిన్ ఆ పొర లోపలికి సరిగా చొరబడదు.

కాబట్టి నా ఓటు రెండోదానికే, పైన చెప్పిన సీట్లు, మెట్టు, చేతికమ్మీ ఉంటే. పాతదే కావాలంటే డ్రెయిన్ మూతలు మార్చి, పైపుల్ని శుభ్రంచేసే మందు వేసి కడిగి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో, కరెంటు లీకైతే లైను ఆపేసే జీఎఫ్‌సీఐ బ్రేకరు పెట్టించిన తర్వాతే నీళ్లు నింపండి. వీటన్నిటి ఖర్చు కలిపితే అది ఇంకా చవకగానే ఉందేమో అప్పుడు చూసుకోండి.

ఏది కొన్నా తాళం పడే గట్టి మూత తప్పనిసరి. బాబుకి నాలుగేళ్లే. అయిదేళ్లలోపు పిల్లలు హాట్ టబ్బులో దిగకూడదు, వాళ్ల చిన్న ఒళ్లు త్వరగా వేడెక్కిపోతుంది. మునిగే ప్రమాదం వేరే. అక్క దిగుతుంటే వాడు గోల చేస్తాడు, ఆ గోలకి కరగకండి.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. అంత దూరం విమానంలో కూర్చుని వచ్చాక ఇద్దరిలో ఎవరికైనా ఒక్క పిక్కే వాచి, నొప్పిగా ఉంటే కాపడమూ వద్దు, టబ్బూ వద్దు. కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అదే రోజు డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: ఎడిసన్‌లో మా బేస్‌మెంట్‌లో హాట్ టబ్ పెట్టిద్దామని ఉంది. నాకు ఉబ్బసం ఉంది. ఒక కంపెనీవాళ్లు ఉప్పునీటి విధానం, క్లోరిన్ ఉండదు అంటున్నారు. ఇంకొకరు ఓజోన్ ఉంటే రసాయనాలే అక్కర్లేదంటున్నారు. ఎవర్ని నమ్మాలి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ఇద్దరినీ ఆ మాట వరకు నమ్మకండి. ఉప్పునీటి యంత్రం ఆ ఉప్పులోంచే క్లోరిన్‌ని తయారుచేస్తుంది. డబ్బా మోసే పని తప్పుతుంది, క్లోరిన్ తప్పదు. ఓజోన్, అతినీలలోహిత దీపం తమ గుండా వెళ్లిన నీటిని శుభ్రం చేస్తాయి. మీరు కూర్చున్న నీటిలో, మీ ఒంటి పక్కన కాపలా ఉండాల్సింది క్లోరినో బ్రోమినో మాత్రమే. హాట్ టబ్బులో క్లోరిన్ కనీసం 3 పీపీఎం, బ్రోమిన్ అయితే 4 నుంచి 8, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. పరీక్షపట్టీ ముంచితే నిమిషంలో తెలుస్తుంది. ముక్కు మండించే ఘాటు వాసన వస్తోందంటే మందు ఎక్కువైందని అనుకుంటారు. ఎక్కువసార్లు అది చెమట, మూత్రం, నూనెలతో కలిసి పాడైన క్లోరిన్ వాసన. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇబ్బంది పెట్టేది అదే. దిగేముందు అందరూ సబ్బుతో స్నానం చేస్తే సగం తగ్గిపోతుంది.

నాకు ఎక్కువ బెంగ కలిగించింది బేస్‌మెంట్ అన్న మాట. వేడినీళ్లలో బుడగలు పగిలినప్పుడు కంటికి కనపడని తుంపర గాలిలోకి లేస్తుంది. నీళ్లలో లీజియోనెల్లా బాక్టీరియా ఉంటే ఆ తుంపరతో ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది. 2019 సెప్టెంబరులో నార్త్ కరోలినాలో ఆషెవిల్ దగ్గర ఒక సంతకి వెళ్లిన 130 మందికి పైగా ఈ జబ్బు పాలయ్యారు, నలుగురు చనిపోయారు. అక్కడ ప్రదర్శనకి పెట్టిన హాట్ టబ్బులే కారణమై ఉంటాయని ఆరోగ్యశాఖ తేల్చింది. వాళ్లు ఆ నీళ్లలో దిగినవాళ్లు కాదు, పక్కనుంచి నడిచి వెళ్లినవాళ్లు. కిటికీలు లేని గదిలో ఆ తుంపర ఎక్కడికీ పోదు. మరో రకం సూక్ష్మజీవుల వల్ల హాట్ టబ్ వాడేవాళ్లలో తగ్గని దగ్గు, ఆయాసం వస్తాయి. దాన్ని ఉబ్బసమే ముదిరిందనుకుని మందు పెంచుకుంటూ పోయే ప్రమాదం మీకు ఉంది.

పెరడు ఉంటే పెరట్లోనే పెట్టించండి. రెండు కంపెనీల మధ్య తేల్చుకోవడానికి ఈ ప్రశ్నలు అడగండి: నీళ్లు రోజుకి ఎన్ని గంటలు తిరుగుతూ వడపోతకి వెళ్తాయి? జెట్లు నడుస్తున్నప్పుడు కూడా నీళ్లన్నీ ఫిల్టరులోంచే పోతాయా, పక్కదారి పడతాయా? ఫిల్టరు తీసి కడగడం ఎంత తేలిక? నీళ్లు ఎన్నాళ్లకి మార్చాలో మీరే లెక్క కట్టొచ్చు. టబ్ పట్టే గ్యాలన్లని 3తో, వచ్చిన దాన్ని రోజూ దిగేవాళ్ల సంఖ్యతో భాగించండి. 360 గ్యాలన్లు, నలుగురు మనుషులు అయితే 30 రోజులు. 240 గ్యాలన్ల చిన్న టబ్ అయితే 20 రోజులే. చిన్నదైతే చాకిరీ తక్కువనుకుంటారు గానీ, నీళ్లు త్వరగా పాడయ్యేది చిన్న టబ్బులోనే.

టబ్ వాడిన రెండు వారాల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే డాక్టరుకి టబ్ సంగతి మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన మూత్రపరీక్ష, సరైన యాంటీబయాటిక్ త్వరగా మొదలవుతాయి.

ప్రశ్న: మాది హైదరాబాదు, కోకాపేట. నడుమునొప్పికి బాత్రూములో జెట్ల టబ్ మంచిదా, టెర్రస్ మీద పెద్ద జకూజీ మంచిదా?

జవాబు: ఒక్కరి నడుమునొప్పికే అయితే బాత్రూముది చాలు. ప్రతిసారీ నీళ్లు మారుతాయి కాబట్టి మందుల లెక్క తక్కువ, కానీ వాడాక పైపుల్లో మిగిలిన నీళ్లు కూడా పూర్తిగా బయటికి పోయే రకమే తీసుకోండి. ఆ టబ్ నిండటానికి 200 లీటర్లకి పైగా కావాలి, 25 లీటర్ల గీజరుతో అది సాగదు. టెర్రస్ సంగతి వేరు. 1,200 లీటర్ల నీళ్లంటే 1,200 కిలోలు, టబ్బూ మనుషులూ అదనం. బిల్డరు నోటిమాట కాకుండా స్ట్రక్చరల్ ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పాలి. బోరు నీళ్లయితే హీటరుకి తెల్లటి గార పడుతుంది, ముందే కాఠిన్యం పరీక్ష చేయించండి. రెండిట్లో దేనికైనా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ లేకుండా స్విచ్ వేయొద్దు. నడుమునొప్పి కాలిలోకి పాకుతున్నా, కాలు బలహీనపడుతున్నా, మూత్రం మీద పట్టు తప్పుతున్నా టబ్ కొనడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: పెళ్లయి రెండేళ్లయింది, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. ఇంట్లో టబ్ వాడొచ్చా?

జవాబు: ఇద్దరూ కొన్నాళ్లు ఆగండి. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది. చాలామందికి గర్భం సంగతి ఖాయంగా తెలిసేసరికే ఆ పని చాలావరకు అయిపోతుంది. ఆ రోజుల్లో తల్లి ఒళ్లు బాగా వేడెక్కితే వెన్నుపాము లోపాల ముప్పు పెరుగుతుంది. మామూలు స్నానానికి ఇబ్బంది లేదు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే రోజూ వేసుకోవాలి. మగవారిలో వేడికి వీర్యకణాలు తగ్గుతాయి. కొత్తవి తయారై రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది, కాబట్టి ఆయన టబ్ మానేసిన మూడు నెలల తర్వాతే వీర్యపరీక్ష చేయించండి. ముందే చేయిస్తే అనవసరంగా కంగారు పడతారు.