బెట్టింగ్ ప్రకటన కనిపిస్తే పిల్లాడిని తిట్టకండి



క్రికెట్ వీడియో చూస్తున్న మీ అబ్బాయి ఫోన్‌లో ‘చేరగానే బోనస్’ అంటూ బెట్టింగ్ యాప్ ప్రకటన వచ్చిందనుకోండి. మన కోపమంతా వాడి మీదకే పోతుంది. చట్టం చూపు మాత్రం కంపెనీ మీద ఉంది.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. అయినా ప్రకటనలు ఆగలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం, డబ్బు పెట్టి ఆడే ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. సినిమా తారైనా, యూట్యూబర్ అయినా ఇంతే. ఆడి నష్టపోయినవారికి ఈ కేంద్ర చట్టంలో శిక్ష లేదు. ఈ ముక్క పిల్లలకు తప్పక చెప్పండి, భయం లేకపోతేనే నోరు విప్పుతారు.

ప్రోమో కోడ్ ఎందుకిస్తారో కూడా వివరించండి. ఆ కోడ్‌తో ఎందరు చేరారో లెక్కగట్టి ప్రచారకర్తకు కమిషన్ ఇస్తుంటారు. ‘అన్న’ చెప్పే సలహా వెనకున్నది ఆ లెక్కే!

ప్రకటన కనిపిస్తే కోడ్, ఖాతా పేరు, తేదీ తెలిసేలా స్క్రీన్‌షాట్ తీసి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.